కార్డులో ముసలమ్మ

శనివారం వచ్చిందంటే ఫిల్మ్ నగర్‌లోని ఆ మేడ మెట్ల మీద కాలు పెట్టే చోటుండదు, అన్నీ చెప్పులే. రాజ్యసభ సభ్యురాలు శారదాదేవి సమావేశాలు జరిగినన్నాళ్ళూ సోమవారం పొద్దుటే ఢిల్లీ వెళ్ళి, శుక్రవారం సాయంత్రానికి తిరిగి వస్తారు. ఆ అయిదు రోజులూ సభవి. శనివారం మాత్రం మెట్ల మీది చెప్పులది.

ఆ చెప్పులవాళ్ళు చెప్పింది విని ఉత్తరంగా మార్చడం జెరూష పని. పాస్‌పోర్టు ఆగినవాళ్ళకు ఒక ఉత్తరం, గల్ఫ్‌లో చిక్కుకున్నవాళ్ళకు ఒకటి, ఆధార్ తప్పులకు ఒకటి, అన్నీ కంప్యూటర్లో ముందే తయారుగా ఉంటాయి. ఖాళీల్లో పేరు, వయసు, ఊరు నింపడమే, ఇడ్లీ రేకులో పిండి పోసినట్టు. సాయంత్రానికి ‘ఈ వారం మన ఎంపీ’ అని ఒక పేజీ రాసి జనం ఫోన్లకు పంపాలి. సభలో అడిగిన ప్రశ్నలెన్ని, రాసిన ఉత్తరాలెన్ని, అయిన పనులెన్ని.

జెరూష తక్కువ మాట్లాడే మనిషి. ఖాళీ దొరికితే కిటికీలోంచి ఎదుటి బంగళా వైపు చూస్తూ కూర్చుంటుంది. దాన్ని షూటింగులకు కిరాయికిస్తారు. షాటు అవగానే ఎవరో ఒకరు వచ్చి నటుల జుట్టు, చేతి గడియారం, చొక్కా మడత ఫొటో తీసుకుని పోతుంటారు. మర్నాటి షాటులో తేడా రాకుండా.

మూడు వారాల కిందట రాజమ్మ మొదటిసారి వచ్చింది. యూసుఫ్‌గూడలో ఉంటుంది. తెనాలి దగ్గర పల్లె నుంచి వచ్చి ముప్ఫై ఏళ్ళుగా సినిమాల్లో గుంపు వేషాలు, చిన్న చిన్న వేషాలు వేస్తోంది. వయసు యాభై నాలుగు. ఆధార్ కార్డులో పుట్టిన ఏడు ప్రకారం మాత్రం డెబ్బై తొమ్మిది.

“భోజనాల బ్రేకులో పరిగెత్తానమ్మాయ్,” అని చెప్పింది ఆ రోజు. “పద్నాలుగేళ్ళయింది. ఆధార్ క్యాంపుకి అదే ఆఖరి రోజన్నారు. మూడు గంటలు కూర్చోబెట్టి వేసిన ముసలి మేకప్పు, తీస్తే డైరెక్టరు తంతాడు. తెల్ల విగ్గుతోనే వెళ్ళి కూర్చున్నా. వయసెంత మామ్మా అన్నాడు ఆ ఆపరేటరు. నలభై అన్నా. వాడు పక్కవాడి వంక చూసి నవ్వాడు. పాపం, మతి పోయిందనుకుని వాడే అరవై అయిదు కొట్టేశాడు.”

“అప్పుడే దిద్దించుకోవాల్సింది కదా పిన్నీ?”

“దేనికీ? మాకు యూనియన్ కార్డుంటే చాలు, స్టూడియో గేటు తీస్తారు. ఇంటిల్లిపాదీ చూసి నవ్వుకున్నాం. ముసలాళ్ళ పింఛను రాయించుకోవే అన్నారు వీధిలో. ఛీ, నాకేం ఖర్మ అన్నాను.”

ఇప్పుడు నవ్వే విషయం కాదు. కూతురు పూజితకు ఇరవై ఆరేళ్ళు, రెండు మూత్రపిండాలూ పోయాయి. వారానికి మూడుసార్లు మిషను మీద రక్తం శుభ్రం చేయిస్తున్నారు. తల్లి మూత్రపిండం సరిపోతుందని పరీక్షల్లో తేలింది. ఆసుపత్రిలో అనుమతులిచ్చే కమిటీ మాత్రం కార్డు చూసి ఆగిపోయింది. డెబ్బై తొమ్మిదేళ్ళ మనిషి ఇవ్వడమేమిటి? పైగా ఎదురుగా నిలబడ్డావిడ అంత ముసలిదిగా లేదు. కార్డు ఒకరిది, మనిషి ఇంకొకరేమో, ఎవరినో కొనుక్కొచ్చి తల్లి అంటున్నారేమో. సరిచేసుకుని రండి అన్నారు.

జెరూష అదే రోజు రాజమ్మ ఊరి బడి ఇచ్చిన వయసు సర్టిఫికెట్ జతచేసి ఆధార్ ఆఫీసుకు ఉత్తరం తయారుచేసింది. శారదాదేవి సంతకం పెట్టారు.

ఈ శనివారం జవాబొచ్చింది. మేడమ్ పీఏ క్రాంతికుమార్ రాజమ్మ ముందే దాన్ని చదివాడు. బడి సర్టిఫికెట్ ప్రకారం యాభై నాలుగు, కార్డు ప్రకారం డెబ్బై తొమ్మిది, గౌరవ సభ్యురాలి ఉత్తరంలోనూ ‘79 ఏళ్ళ వృద్ధురాలు’ అనే ఉంది. ఈ సర్టిఫికెట్ ఈమెదేనని నమ్మడానికి ఆధారం పంపండి.

“ఏంది జెరూషా గిది?” అన్నాడు క్రాంతికుమార్. “ఆమె వయసు తప్పని రాసుకుంట, గా తప్పు వయసే రాస్తివా?”

జెరూష కంప్యూటర్లో ఆ ఉత్తరం తెరిచి చూసింది. ఆ రోజు కార్డు బల్ల మీద ఉంది. వయసు అనే ఖాళీలో కార్డులోని వయసు నింపింది. ఎదురుగా మనిషి కూర్చునే ఉంది, కథంతా చెబుతూనే ఉంది. అయినా చెయ్యి కార్డును చూసే కొట్టింది.

“పోనీలే తల్లీ,” అంది రాజమ్మ. “కార్డు నీ ముందు పెట్టింది నేనే కదా.”

తిట్టినా బాగుండేది అనిపించింది జెరూషకు.

“కమిటీ ఎప్పుడు పిన్నీ?”

“వచ్చే గురువారం. అది తప్పితే మళ్ళీ నెల. అంతదాకా ఆగేలా లేదు పిల్ల. నిన్న మెట్లు దిగుతూ కూలబడింది.”

“ఫికర్ చెయ్యకమ్మా,” అన్నాడు క్రాంతికుమార్. “మేడమ్‌తోని ఆసుపత్రికి ఒక ఫోన్ కొట్టిస్త.”

“వద్దు బాబూ. కొనుక్కొచ్చారేమోననే కదా వాళ్ళ అనుమానం. పెద్దవాళ్ళ ఫోనొస్తే ఇంకా బిగుసుకోరూ?”

క్రాంతికుమార్ తీసిన ఫోను మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. జెరూష కిటికీలోంచి చూసింది. ఎదుటి బంగళా ముందు ఒకమ్మాయి కెమెరాతో ఒక నటుడి మెడలో దండ ఫొటో తీసుకుంటోంది.

“పిన్నీ, ఆ రోజు మేకప్ వేసిందెవరు?”

“అంతోని. మా వెనక వీధే. ఇప్పుడు చేతులు వణుకుతున్నాయని మానేశాడు. ఏం?”

మధ్యాహ్నం భోజనం మానేసి జెరూష, రాజమ్మ ఆటో ఎక్కారు.

అంతోని ఇంట్లో బీరువా నిండా ఆల్బమ్‌లు. ప్రతి వేషానికీ రెండు ఫొటోలు, మేకప్‌కి ముందొకటి, తర్వాతొకటి, కింద తారీఖు. ఏ సినిమాకి ఏ ముడత ఎక్కడ వేశాడో మళ్ళీ అక్కడే వేయడానికి దాచుకున్నాడు. 2011 ఆల్బమ్ దొరకడానికి గంట పట్టింది. ఎడమ వైపు నల్లటి జడతో నలభై ఏళ్ళ రాజమ్మ. కుడి వైపు కార్డులో ఉన్న ముసలమ్మ. అదే విగ్గు, అదే ముతక చీర, క్యాంపు జరిగిన అదే తారీఖు.

“అంటే నా మేకప్‌కి గవర్నమెంటే సర్టిఫికెట్ ఇచ్చిందన్నమాట,” అన్నాడు అంతోని. “ముప్ఫై ఏళ్ళలో ఒక్క అవార్డు రాలేదనుకున్నా.”

“నీ అవార్డు తగలెయ్య. నా పీక మీదకొచ్చింది,” అంది రాజమ్మ.

అంతోని భూతద్దం తెచ్చి కార్డు మీద పెట్టాడు. “ఇటు చూడమ్మా. గడ్డం మీద ఎడమ వైపు మచ్చ కనపడుతోందా? నేను వేసిన ముసలమ్మలందరికీ అక్కడ పుట్టుమచ్చ పెడతాను. అది నా సంతకం. రాజమ్మా, నీ గడ్డం ఇటు తిప్పు.”

రాజమ్మ గడ్డం మీద ఏ మచ్చా లేదు.

సాయంత్రం నాలుగింటికి జనం పల్చబడ్డాక జెరూష మేడమ్ గదిలోకి వెళ్ళింది. పాత ఉత్తరం నకలు, వచ్చిన జవాబు, ఫొటోలు, కొత్త ఉత్తరం బల్ల మీద వరుసగా పెట్టింది. కొత్త ఉత్తరంలో మొదటి వాక్యం: ‘నా గత లేఖలో రాజమ్మ వయసు తప్పుగా రాయబడింది.’

“తప్పు నాది మేడమ్. కార్డు చూసి నింపేశాను.”

క్రాంతికుమార్ అడ్డం వచ్చాడు. “మేడమ్, గా మొదటి లైను వద్దు. ఎంపీనే తప్పు రాసిందని సంతకం పెట్టిస్తే రేపు ఎవడన్న పట్టుకుంటడు. పాత ముచ్చట తియ్యకుండ కొత్త లెటర్ ఇద్దాం.”

జెరూషకు అతనికి ఎదురు చెప్పడం అలవాటు లేదు. అయినా ఈసారి చెప్పింది.

“పాతదాని మాట ఎత్తకపోతే, వాళ్ళ ఫైల్లో రెండు వయసులూ మేడమ్ సంతకంతోనే ఉంటాయండీ. మళ్ళీ ఏది నమ్మాలని అడుగుతారు. గురువారం దాటిపోతుంది.”

శారదాదేవి కళ్ళద్దాలు పెట్టుకుని పాత ఉత్తరం మొదటినుంచీ చదివారు. మూడు వారాల కిందట సంతకం పెట్టినప్పుడు చదవలేదని ఆ చదవడంలోనే తెలిసిపోయింది.

“అరవై ఉత్తరాలు పావుగంటలో సంతకం పెడతాను జెరూషా. ఢిల్లీలో మంత్రులు నా ప్రశ్నలకు చదవకుండా జవాబిస్తున్నారని కోప్పడి వచ్చాను మొన్ననే.” పాత ఉత్తరం పక్కన పెట్టారు. “ఆవిడ ఉన్నారా? లోపలికి పిలువు.”

రాజమ్మ చెప్పులు బయట వదిలి కొంగు సర్దుకుంటూ వచ్చింది.

“ఏదండీ, గడ్డం ఇటు తిప్పండి,” అన్నారు శారదాదేవి. కార్డు మీది మచ్చనూ, మచ్చలేని గడ్డాన్నీ మార్చి మార్చి చూశారు. తర్వాత కొత్త ఉత్తరం కింద పెన్నుతో సొంతంగా ఒక వాక్యం రాశారు: ‘ఈమెను నా కళ్ళతో చూశాను. కార్డులో ఉన్నది వేషం.’ సంతకం పెట్టారు. మొదటి వాక్యం కొట్టెయ్యలేదు.

సోమవారం ఆధార్ ఆఫీసుకు ఉత్తరం, ఆల్బమ్, అంతోని, ముగ్గురినీ వెంటబెట్టుకుని వెళ్ళానని రాజమ్మ ఫోన్లో చెప్పింది. ఉత్తరాన్నీ, ఆల్బమ్‌నీ కూడా మనుషుల్లాగే లెక్కేసింది. అప్పట్లో క్యాంపులో ఇచ్చిన వేలిముద్రలతో ఇప్పటివి సరిపోయాయి. బుధవారం కార్డులో వయసు మారింది. గురువారం మధ్యాహ్నం దాకా జెరూష ఫోను బల్ల మీద బోర్లా పెట్టి పని చేసింది. రెండింటికి మోగింది.

“ఒప్పుకున్నారే తల్లీ,” అంది రాజమ్మ. వెనక పూజిత ఏడుస్తున్నట్టో నవ్వుతున్నట్టో వినబడింది. “ఇరవయ్యో తారీఖు ఆపరేషన్. ఒక్క వారంలో పాతికేళ్ళు తగ్గాను చూడు, ఏ హీరోయిన్‌కీ ఇంత తొందరగా తగ్గి ఉండదు.”

మరుసటి శనివారం సాయంత్రం క్రాంతికుమార్ ఆ వారం పేజీ తెరిచి చూసి ఆగాడు. ‘రాసిన ఉత్తరాలు: ముప్ఫై ఎనిమిది. మేం తప్పు రాసి దిద్దుకున్నది: ఒకటి.’

“గిట్ల రాస్తరా ఎవరన్న? గా అరవై ఉత్తరాలు యాడ పాయె?”

“మేడమ్ అన్నీ చదివే సంతకం పెడతానన్నారండీ. అందుకే తగ్గాయి.”

అతను నిట్టూర్చి, రెండో వాక్యాన్ని చెరపబోయి, ఏమనుకున్నాడో వదిలేసి, “ఆఖరి టోకెన్!” అని బయటికి కేకేశాడు.

ఒక పెద్దాయన వచ్చి కుర్చీలో కూర్చుని, అడక్కముందే ఆధార్ కార్డు తీసి బల్ల మీద పెట్టాడు. జెరూష దాన్ని బోర్లా తిప్పింది.

“మీరు చెప్పండి,” అంది ఆయన ముఖంలోకి చూస్తూ. “మీ వయసెంతండీ?”