రెండు ఖాళీ స్లాట్లు

కంప్యూటర్ పెట్టె పక్క అద్దం తీసి అక్క లోపలికి చూసింది: తానే నొక్కి మూసిన ర్యామ్ గొళ్లేల్లో రెండు తెరుచుకుని ఉన్నాయి, అందులో ఒకటి విరిగి వేలాడుతోంది.

మళ్లీ స్విచ్ నొక్కింది. ఫ్యాన్లు తిరిగాయి. తెర మాత్రం నల్లగానే ఉండిపోయింది. మదర్‌బోర్డు అంచున ఎర్రదీపం వెలిగింది. మెషిన్ జ్ఞాపకం దాచుకునే ర్యామ్ పుల్లల్లో తేడా వస్తేనే వెలిగే దీపం అది.

నిన్న సాయంత్రం ఇదే తెర మీద ఆట పరుగులు పెట్టింది. ఇంటిల్లిపాదీ నిలబడి చూశారు.

"పిడుగూ! ఇలా రా."

చెల్లెలు నోట్లో బ్రష్షుతోనే వచ్చింది. ఈ సాయంత్రం పేరున్న కంప్యూటర్ ఆటల జట్టొకటి కొత్త ఆటగాళ్లని ఎంచుకుంటోంది. ఎవరింట్లో వాళ్లు, సొంత మెషిన్ మీద ఆడి చూపించాలి. ఇన్నాళ్లూ పిడుగు స్నేహితురాళ్ల ఇళ్లలో, వాళ్లు లేచిన కుర్చీల్లో కూర్చుని ఆడి తెచ్చుకున్న పిలుపు అది. దాని కోసమే అక్క ఒక్కో భాగం ఏరి తెచ్చి, ఈ మెషిన్‌ని తన చేత్తో బిగించింది.

"దీన్ని ముట్టుకున్నావా?"

"లేదక్కా. ఏమైంది?"

"ఏమైందో నువ్వే చెప్పాలి. నాలుగు స్లాట్లుంటే రెండే నింపావు, పిసినారి అక్కా అని మొన్న అన్నం దగ్గర గోల చేసిందెవరు?"

"అన్నాను. అంటే చేసేసినట్టేనా?"

మొన్నటి సంగతి అక్కకి బాగా గుర్తుంది. ర్యామ్ ఎంచుకోవడానికి ఆమె పడ్డ అవస్థ చూసి, పిల్ల సంబంధానికైనా ఇంత ఆరా తీయరంటూ అమ్మ నవ్వింది. నిజమే. ఈ బోర్డు ఐదో తరం ర్యామ్ మాత్రమే తీసుకుంటుంది. నాలుగో తరందీ చూడ్డానికి అదే పొడవు, అదే వెడల్పు. అడుగున ఉన్న గాటు మాత్రం కాస్త పక్కకి ఉంటుంది. తరం కుదిరితే వేగం చూడాలి. వేగం కుదిరితే ఎత్తు చూడాలి, పైనున్న పెద్ద ఫ్యాన్‌కి తగలకూడదు. అన్నీ కుదిరినవి రెండు, ఒకే పెట్టెలో జంటగా వచ్చినవే కొనాలి. నాలుగూ నింపితే బోర్డు తానే వేగం తగ్గించేసుకుంటుంది. అందుకే రెండు చాలు.

ఇదంతా అక్క చెబుతుంటే పిడుగు ఆవలించింది. నాన్న ఒక్కడే ముద్ద కలపడం ఆపి విన్నాడు.

"అయితే ఆ రెండూ ఎప్పటికీ ఖాళీయేనా అమ్మా?"

"అంతే నాన్నా."

ఆయన తలూపి మళ్లీ కంచంలోకి చూశాడు.

"ఈ ఇంట్లో దీంతో ఇంకెవరికి పని?" ఇప్పుడు అక్క గొంతు పెరిగింది. "అమ్మకా? నాన్నకా? నా కళ్లుగప్పి ఎక్కడివో తెచ్చి కుక్కావు. ఆడుకో ఇప్పుడు, ఎర్రదీపం చూస్తూ."

పిడుగు మొహం మాడిపోయింది. వెళ్లి నోరు కడుక్కుని వచ్చి, మంచం మీద గోడవైపు తిరిగి కూర్చుంది.

"నమ్మకపోతే మానెయ్. అది బాగైనా నేను ఆడను. దొంగ అనిపించుకుని ఆ కుర్చీలో కూర్చుంటానా?"

అప్పుడే మామయ్య వచ్చాడు. అమ్మకి తమ్ముడు. వీధి మలుపులో నాన్న నడిపే తాళాల షాపులో ఆయనా భాగస్తుడే. సెలవు రోజు కాఫీ ఇక్కడే.

"ఏంటమ్మా, ఇంట్లో ఉరుము లేకుండానే పిడుగు పడింది? ఆ మెషిన్‌కేం రోగం?"

"జ్ఞాపకం పోయింది మామయ్యా."

"దానిక్కూడానా! బాగుచేస్తే నాకూ రెండు పుల్లలు పెట్టు తల్లీ. మీ అత్త చెప్పినవి గేటు దాటేలోపు మర్చిపోతున్నాను."

అక్క ఫోను లైటు వేసి పెట్టెలోకి వంగింది. విరిగిన గొళ్లెం పక్కన, ఖాళీ స్లాటు లోపల ఏదో తళుక్కుమంది. టేపు ముక్క చివర అంటించి పైకి తీసింది. పచ్చటి సన్న పొడి.

మామయ్య దాన్ని వేలి మీద రుద్ది చూశాడు. నవ్వు మాయమైంది.

"ఇత్తడి రజను. తాళంచెవులు అరగదీస్తే రాలేది."

"మామయ్యా!"

"నా వైపు అలా చూడకు. మౌస్ పట్టుకోవాలంటేనే నాకు చెమటలు. అయినా ఆకురాయి నా దగ్గరెక్కడిది? బావ సంచిలో..."

మాట మధ్యలో నాలుక కరుచుకున్నాడు.

పక్కగదిలో కుర్చీ కిర్రుమంది. అంతే. ఎవరూ రాలేదు.

అక్క ఎవరినీ పిలవలేదు. మెత్తటి బ్రష్షు తెచ్చింది. స్లాట్లన్నీ ఊడ్చింది, గాలి కొట్టింది, మళ్లీ ఊడ్చింది. తన జంట ర్యాములు తీసి తుడిచి, టక్కుమనేదాకా నొక్కి పెట్టింది. చేస్తున్నంతసేపూ మంచం మీది వీపు కనబడుతూనే ఉంది. ఆ వీపు కదల్లేదు.

స్విచ్ నొక్కింది. ఎర్రదీపం.

"పోయినట్టేనా?" అన్నాడు మామయ్య.

"ఆగు. ఈ తరం ర్యామ్ మొదట తనని తాను సరిచూసుకుంటుంది."

చూశారు. ఫ్యాన్లు తిరుగుతున్నాయి. దీపం అలాగే ఉంది. అక్క స్విచ్ మీదికి చెయ్యి చాచి, వెనక్కి తీసుకుంది. దీపం ఆరింది. తెర వెలిగింది.

"హమ్మయ్య! విరిగింది ఖాళీ స్లాటేగా, దాంతో పనే లేదు. ఇక ఎవరు చేస్తే ఏంటి, వదిలెయ్యండి. పిడుగూ, లేవవే!" అన్నాడు మామయ్య.

"అక్క నన్ను దొంగంది."

"నేనా మాట అనలేదే."

"అన్నంత పని చేశావ్. నేను లేవను."

గుమ్మంలో నాన్న నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో తెలియదు. చొక్కా జేబులోంచి రెండు ర్యాములు తీసి బల్ల మీద పెట్టాడు. నాలుగో తరానివి. వాటి అడుగున గాట్లు ఉండాల్సిన దానికంటే వెడల్పుగా, కొత్త తాళంచెవి అంచుల్లా నున్నగా ఉన్నాయి.

"పిడుగు ముట్టుకోలేదమ్మా. నేనే. ఖాళీ అని నువ్వన్నప్పట్నుంచీ ఆ రెండు గుంతలూ నా కళ్లముందే తిరిగాయి. అంతా నువ్వే కొన్నావు, నువ్వే బిగించావు. దాని ఆటలో నా చెయ్యి కూడా కాస్త ఉండాలనిపించింది. మా షాపు పక్కన పాత సామాన్లవాడు ఇవిచ్చాడు. పొద్దున మీరు లేవకముందు పెట్టి చూశా. పట్టలేదు. గాటు వెంట్రుకవాసి తేడా. పట్టని దాన్ని నేనేం చేస్తాను? సంచిలోంచి ఇత్తడి రజను పట్టిన ఆకురాయి తీశా. దిగింది. సంబరపడి స్విచ్ నొక్కితే ఎర్రదీపం. కంగారుగా లాగేస్తే గొళ్లెం విరిగింది. నవ్వొస్తోంది గానీ నవ్వలేను. ఎవడైనా వచ్చి ఈ చెవి అరగదీసి ఆ తాళానికి పట్టించమంటే, పట్టట్లేదంటే అది నీది కాదురా అని పంపేసేవాణ్ని. గాట్లు పెట్టేదే తప్పు చెవి దిగకూడదని. నాకు తెలియని సంగతా అది? సరే, కంప్యూటర్ సంగతి తెలియక చేశాననుకో. నువ్వు చెల్లిని అంటుంటే గోడవతల నోరు మూసుకు కూర్చున్నది మాత్రం తెలిసే. మెషిన్ లేచింది కదా, ఇక చెప్పక్కర్లేదేమో అని కూడా ఓ క్షణం అనుకున్నా. పిడుగు లేవనంటే అప్పుడొచ్చాయి కాళ్లు. లేమ్మా పిడుగూ. సాయంత్రం నీ పక్కనే కూర్చుంటాను. దేన్నీ ముట్టుకోను."