అనుపానం

తంకమణి కొబ్బరి కోరుతుండగా వరండాలోంచి భర్త గొంతు వినిపించింది, బావి మీద వల కప్పావా అని. కప్పాను, ఏమీ కాదు అంది. అడగడం అతనికీ, చెప్పడం ఆమెకీ కొత్త కాదు.

బ్యాంకు ఉద్యోగం మానినప్పటి నుంచీ ఆమె భర్త ప్రభాకరన్‌కు గుండెదడ. బస్సెక్కితే బ్రేకులు పోతాయని, వానొస్తే గోడ కూలుతుందని. పాపం, అతని భయం నిజమే. పట్టాంబిలో వైద్యర్ నాడి చూసి కషాయం ఇచ్చారు గానీ, అసలు చికిత్స మనసుకే అన్నారు. మనసుని భయం మీంచి మళ్లించాలి, నమ్మకమైన మనిషి పక్కనుండి ధైర్యం చెప్పాలి.

"ఈ మందుతో కలిపి ఇవ్వాల్సిన అనుపానం తేనె కాదమ్మా, నీ మాట" అన్నారు తంకమణితో.

ఆ రోజు నుంచి ఆమె మాట మందుల అలమరలోకి చేరిపోయింది. కషాయం కాచిందా అని చూసినట్టే, ధైర్యం చెప్పిందా అని కూడా అత్తగారు చూసేది. కోడలు విసుక్కుంటే మందు వికటిస్తుందట. స్నానానికి వెళ్లినా తలుపవతల పిలుపే. తన గుండె దడదడలాడినప్పుడు మాత్రం తంకమణి రుబ్బురోలు ముందు కూర్చుని ఏదో ఒకటి రుబ్బేది. ఆమెకి అనుపానం ఎవరు?

నిన్న వెళ్లినప్పుడు వైద్యర్ ప్రభాకరన్ నాడి చూసి సంతోషించారు. ఆమె వైపు తిరిగి, నీకు నిద్ర పడుతోందా అని అడిగారు. ఆ మాట ఆమెని అడిగినవాళ్లు ఇంతవరకూ లేరు. ఆమె నోరు తెరిచేలోపే ప్రభాకరన్ నవ్వాడు.

"దానికేం, బండరాయి. పిడుగు పడ్డా లేవదు."

పిడుగులు పడ్డ రాత్రి అతని తల ఒళ్లో పెట్టుకుని తెల్లవార్లూ కూర్చున్నది ఈ బండరాయే. బస్సులో వస్తున్నంతసేపూ ఆమెకి ఏడుపు ఆగలేదు. అతను కిటికీ మూయమన్నాడు.

ఇప్పుడు వరండాలోంచి మళ్లీ పిలుపు. "తంకమణీ, వల గట్టిగా కట్టావా? ఎవరైనా పడితే?"

ఆమె కొబ్బరిచిప్ప పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, వరండాలోకి వచ్చి అతని ఎదురుగా కూర్చుంది.

"నాకూ భయంగా ఉందండీ. చాలా ఏళ్ల నుంచీ. ఏమీ కాదని ఒక్కసారి మీరు చెప్పండి."

ప్రభాకరన్ నోరు తెరిచాడు. పక్కనే కూర్చున్న తల్లి వైపు చూశాడు. రోజూ వింటున్న మాటే, అతని నోటికి రాలేదు.

తంకమణి లేచి, చీర మార్చుకుని, గొడుగు తీసుకుంది. వైద్యర్ దగ్గరికి, ఈసారి తన కోసం. గేటు దాటుతుంటే వెనక నుంచి కంగారుగా పిలుపొచ్చింది, మరి వల సంగతేమిటని.

"బావి పెరట్లోనే ఉంది. వెళ్లి చూసుకోండి."