గిట్టని ఆట చీటీ

ఫుట్‌బాల్ పిచ్చి ఉన్నవాడికి ఇంకో ఆట కంటికి ఆనదంటారు. అబద్ధం. ప్రతివాడికీ రెండో ఆట ఒకటి ఉంటుంది, చిన్ననాటి స్నేహితుడిలా. దాన్ని ఎప్పుడైనా ఓసారి పలకరించి వస్తాడు. చచ్చినా గిట్టని ఆట కూడా ఒకటి ఉంటుంది, తోడల్లుడిలా. దాని గురించి మాత్రం అడక్కపోయినా గంటసేపు చెబుతాడు.

ఆ పేటలో అభిమానుల సంఘానికి ఆఫీసు ఒక సెలూన్. మూడు తిరుగుడు కుర్చీలు, అద్దం పైన జట్టు జెండా, మూల పెద్ద డోలు. సెలూన్ యజమానే కార్యదర్శి. నోట్లో నువ్వుగింజ నానని మనిషి, కత్తెర ఆగినా మాట ఆగదు. సీజన్ ముగిసి మైదానంలో కొత్త గడ్డి నాటే నెలలో సభ్యులకి పొద్దుపోదు. అందుకని ఏటా ఆ నెలలో చీటీలు వేస్తారు. తెల్లచీటీ మీద ఫుట్‌బాల్ తర్వాత నచ్చిన ఆట, పసుపుచీటీ మీద అస్సలు గిట్టని ఆట. తెల్లచీటీలు చదివి నవ్వుకోవడానికే. పసుపుచీటీలు గడ్డం సబ్బు గిన్నెలో వేసి ఒకటి తీస్తారు. అందులో ఏ ఆట ఉంటే ఆ ఆట పోటీకి సంఘమంతా కట్టకట్టుకుని వెళ్ళాలి. ఆ చీటీ రాసినవాడు ముందు వరసలో కూర్చోవాలి. మధ్యలో లేవకూడదు, కళ్ళు మూసుకోకూడదు.

ఆ ఏడు తెల్లచీటీల్లో వాలీబాల్‌కి ఎక్కువ ఓట్లు పడ్డాయి. రిటైరయిన లెక్కల మాస్టారు మాత్రం కుస్తీ అని రాశారు. ఆయన బక్కపలచటి ఒళ్ళు చూసి అందరూ పగలబడి నవ్వారు. "నవ్వండర్రా, నవ్వండి. టెన్నిస్ కంటే నయం కాదూ? చూసేవాడు నోరెత్తకూడనిది కూడా ఒక ఆటేనా?" అన్నారాయన.

కార్యదర్శి గిన్నెలో చెయ్యి పెట్టి ఒక పసుపుచీటీ తీశాడు. విప్పి చూసి, గోడవార స్టూలు మీద కూర్చున్న లిఫ్ట్ మెకానిక్ వైపు తిరిగాడు. పేరు రాయకపోయినా రాసిందెవరో ఆ సంఘంలో గుడ్డివాడు కూడా చెప్పగలడు. 'లిఫ్టు పనిచేయడం లేదు' అని పాతికేళ్ళుగా అట్టల మీద రాసి రాసి మెకానిక్ చేతిరాత అలా పెట్టెలు పేర్చినట్టు స్థిరపడిపోయింది.

"పదిమీటర్ల మెట్టు మీంచి నీళ్ళలోకి దూకే ఆట!" కార్యదర్శి గట్టిగా చదివాడు. "ఏం బావా, వేళాకోళమా? అది మన పిల్ల ఆట కదయ్యా!"

మెకానిక్ ఆ సంఘానికి డోలు వాయించేవాడు. కార్యదర్శికి అక్క మొగుడు. పదిహేడేళ్ళ అతని కూతురు నాలుగేళ్ళుగా నగరపు ఈతకొలనులో ఆ దూకుళ్ళే నేర్చుకుంటోంది. ఆ సంగతి అందరికీ తెలుసు. అతను ఇంతవరకూ ఒక్కసారి కూడా వెళ్ళి చూడలేదన్న సంగతి మాత్రం ఇంట్లోవాళ్ళకే తెలుసు. ప్రతి పోటీనాడూ ఎక్కడో ఒక లిఫ్టు ఆగిపోయేది. ఎవరైనా ఫోన్ చేశారో, తనే చేయించుకున్నాడో భార్య ఏనాడూ అడగలేదు.

మరి చీటీ మీద ఎందుకు రాశాడంటే, ముప్ఫయ్యొక్క చీటీల్లో తనదే వస్తుందా అన్న ధీమా ఒకటి. ఎక్కడో ఒకచోట ఆ మాట పైకి చెప్పాలన్న ఆరాటం ఇంకొకటి. కూతురితో అనలేడు, భార్యతో అంటే కూతురి దాకా వెళుతుంది. కాగితంతో అన్నాడు. అదిప్పుడు కార్యదర్శి చేతిలో పడింది. 'భయంతో రాశాన్రా' అని ఒక్క మాట అంటే అయిపోయేది. కానీ గోల్‌పోస్టు వెనక తొంభై నిమిషాలు డోలు మోగించే మనిషి, కక్కలేక మింగలేక ఇకిలించాడు.

"మంచి జోకు వేశావు బావా! నా మేనకోడలి పోటీ వచ్చే ఆదివారమే. ముప్ఫయ్యొక్క మందిమీ వస్తాం. డోలు కూడా తెస్తాం" అన్నాడు కార్యదర్శి.

"డోలు వద్దురా," అన్నాడు మెకానిక్. "అక్కడ చప్పుడు చెయ్యకూడదు. దూకే ముందు చిన్న అలికిడయినా పిల్ల బెదురుతుంది."



పడటం అంటే ఏమిటో అతనికి తెలిసినంతగా ఆ పేటలో ఇంకెవరికీ తెలియదు. పదిమీటర్లంటే మూడంతస్తులు. మూడో అంతస్తు నుంచి జారిన స్పానరు కింద కాంక్రీటులో ఎంత గుంట చేస్తుందో అతను చూశాడు. మనుషులు పడకుండా చూడటమే అతని ఉద్యోగం. కిందటేడు సాధనలో కూతురి గడ్డం మెట్టు అంచుకి తగిలి నాలుగు కుట్లు పడ్డాయి. గడ్డానికి కాబట్టి సరిపోయింది, అదే తలకయితే? ఆ ప్రశ్న ఏడాదిగా అతనితో పాటు కంచం ముందు కూర్చుంటోంది, పక్క మీద పడుకుంటోంది.

లిఫ్టు పైకీ కిందికీ తిరిగే నిలువు సందుని వాళ్ళు షాఫ్ట్ అంటారు. తలుపు తీసి ఉన్న షాఫ్ట్‌కి వీపు పెట్టి ఎవరైనా నిలబడితే, చూసినవాడు ఒకటే మాట అరవాలి: "ఆగు!" అరుపు విన్నవాడు ఎలా ఉన్నవాడు అలా రాయిలా ఆగిపోవాలి. ఎందుకని అడగకూడదు, వెనక్కి తిరిగి చూడకూడదు. మళ్ళీ కదలాలంటే ఆ ఆగు అన్న నోరే "కానియ్" అనాలి. మేస్త్రీ అన్నా, ఇంజనీరు అన్నా చెల్లదు. పాతికేళ్ళలో ఈ పద్ధతి ఇద్దరి ప్రాణాలు కాపాడటం అతను కళ్ళారా చూశాడు.

ఆ పద్ధతి ఇంటికీ వచ్చింది. కూతురు రెండేళ్ళప్పుడు బాల్కనీలో కుర్చీ ఎక్కి పిట్టగోడ పట్టుకుంటే, అతను గుమ్మంలోంచి "ఆగు!" అని అరిచాడు. పిల్ల బిగుసుకుపోయింది. వెళ్ళి ఎత్తుకున్నాక, ఆ సాయంత్రమే దాన్నొక ఆటగా నేర్పాడు. ఆగు అంటే రాయి. కానియ్ అంటే మనిషి. తల్లి ఎంత బతిమాలినా, పాలు చల్లారిపోతున్నా, నాన్న కానియ్ అనేదాకా పిల్ల ఒంటికాలి మీద అలాగే నిలబడేది. రోడ్డు దాటేటప్పుడు, మెట్లు దిగేటప్పుడు, పదేళ్ళు వచ్చేదాకా ఆ ఆట సాగింది.

శనివారం సాయంత్రం అన్నం తింటూ కూతురు అడిగింది. "నిజంగా వస్తున్నావా నాన్నా? రేపు ఏ లిఫ్టూ పాడవ్వదా?"

"వస్తున్నాను తల్లీ. మీ మామయ్య ముందు వరసలో కూర్చోబెడతాట్ట."

"నువ్వు వస్తావంటే నాకు కొంచెం భయంగా ఉంది" అంది కూతురు. అతను నీళ్ళు తాగాడు. భార్య ఇద్దరినీ మార్చి మార్చి చూసి పెరుగు గిన్నె ముందుకి జరిపింది.

ఆదివారం పొద్దున్నే సంఘం ఈతకొలను దగ్గర దిగింది. కార్యదర్శి మాట నిలబెట్టుకోలేదు, డోలు తెచ్చాడు. మెకానిక్ దాన్ని చూడగానే లాక్కుని, కర్రలు రెండూ తన చొక్కాలో దోపుకుని, డోలుని బెంచీ కిందికి తోశాడు. వరస చివరిదాకా నడిచి ఒక్కొక్కడికీ దణ్ణం పెట్టినంత పని చేశాడు. "నోరు మెదపద్దురా. దగ్గొస్తే మింగండి. ఈలలు, చప్పట్లు అన్నీ అయ్యాకే."

"మాకు చెబుతావేంటయ్యా, పెనాల్టీ కొట్టేటప్పుడు అరిచేది నువ్వే కదా," అన్నారు మాస్టారు.

లోపల నీళ్ళలో కలిపిన మందు వాసన, వెచ్చటి ఆవిరి. నీళ్ళు నీలంగా, లోతు తెలియకుండా ఉన్నాయి. వాటి మీదికి దూకడానికి కట్టిన కాంక్రీటు మెట్లు ఒకదానిపైన ఒకటి, అన్నిటికంటే పైది పదిమీటర్లది. దానికి ముందువైపు కటకటాలు లేవు. కటకటాలు లేని అంచుని చూస్తే చాలు, అతని కాళ్ళు వాటంతట అవే వెనక్కి జరుగుతాయి. ఇప్పుడు జరగడానికి చోటు లేదు, పక్కన భార్య, వెనక మాస్టారి మోకాళ్ళు ఉన్నాయి.

ముందు ఇద్దరు పిల్లలు దూకారు. దూకిన ప్రతిసారీ అతని పై ప్రాణాలు పైనే పోయాయి. వాళ్ళు పైకి తేలి నవ్వుతుంటే, ఎవరి బిడ్డలో గానీ, ఏడుపొచ్చినంత పనైంది. మూడోసారి మైకులో కూతురి పేరు వినబడింది.

ఆమె మెట్లెక్కుతుంటే అతను లెక్కపెట్టాడు. నలభై దాకా వచ్చి లెక్క తప్పాడు. పైన ఆమె చిన్నగా, తడి జుట్టుతో, తువ్వాలు విసిరేసి అంచు దాకా నడిచింది. అంచు దగ్గర వెనక్కి తిరిగింది. నీళ్ళకి వీపు పెట్టి నిలబడింది.

వెనక్కి దూకే దూకుడు అది. ఎవరూ అతనికి ముందుగా చెప్పలేదు. చెప్పినా అర్థమయ్యేది కాదేమో. ఆమె మునివేళ్ళ మీదికి లేచింది. మడమలు రెండూ అంచు దాటి గాలిలో ఉన్నాయి. ఈల మోగింది. సంఘమంతా ఊపిరి బిగబట్టింది. గోల్ కొట్టినా ఓడినా ఊరుకోని ముప్ఫయిమంది నోళ్ళు కుట్టేసినట్టు కూర్చున్నారు. కార్యదర్శి అయితే రెండు చేతులతో తన నోరు తనే మూసుకున్నాడు. ఆమె చేతులు పైకి లేచాయి, మోకాళ్ళు వంగాయి.

"ఆగు!"

ఆ అరుపు తనదని అతనికి చెవికి వినబడ్డాకే తెలిసింది. పాతికేళ్ళ అలవాటు అతన్ని అడగలేదు. తెరిచిన షాఫ్ట్, దానికి వీపు పెట్టిన మనిషి, అంతే.

కూతురు రాయయింది. వంగిన మోకాళ్ళు వంగినట్టే, సగం లేచిన చేతులు సగంలోనే. కానీ ఒంట్లోకి వచ్చేసిన ఊపు ఆగదు కదా. ఆమె వెనక్కి ఊగింది. మడమలు కిందికి దిగాయి. నడుము గాలిలోకి వాలింది. దూకడానికి సిద్ధపడని ఒళ్ళు అలాగే పడితే, వీపు నీళ్ళకి తగలకముందు తల మెట్టు అంచుకి తగులుతుంది. ఆ దారి అతను గీతగీసినట్టు చూశాడు. దేవుడా, నేనే చంపుకున్నాను అనుకున్నాడు. పక్కన భార్య గోళ్ళు అతని మోచేతిలో దిగాయి.

ఆమె కాలివేళ్ళు కాంక్రీటుని పట్టుకున్నాయి. ఒక్క క్షణం అటూ ఇటూ కాకుండా ఊగి, ముందుకి తూలి, మెట్టు మీద మోకాళ్ళ మీద పడింది.

పడింది మెట్టు మీదే. అతనికి ఊపిరి తిరిగింది గానీ తల ఎత్తబుద్ధి కాలేదు. హాలంతా ఒక్కసారి గొల్లుమంది. కింద కూర్చున్న రెఫరీ లేచి, ప్రేక్షకులు మౌనంగా ఉండాలని హెచ్చరించాడు. దూకుడు మధ్యలో ఆపినందుకు మార్కులు కోస్తామనీ, ఇంకోసారి ఆగితే సున్నా అనీ మైకులో చెప్పారు.

"నేను బయటికి పోతాన్రా," అన్నాడు మెకానిక్, లేవబోతూ.

"కూర్చో బావా," అన్నాడు కార్యదర్శి. ఎప్పుడూ లేనిది, చాలా మెల్లగా అన్నాడు. "చీటీ మాట అటుంచు. నువ్విప్పుడు పోతే అది జన్మలో దూకదు."

కూతురు లేచింది. మోకాలు చెక్కుకుపోయి ఎర్రగా ఉంది. మళ్ళీ అంచు దగ్గరికి వెళ్ళింది, మళ్ళీ వీపు తిప్పింది. ఈల మోగింది. ఆమె కదల్లేదు. చేతులు ఒంటికి అంటించుకుని అలాగే నిలబడింది. పది సెకన్లు. ఇరవై. కోచ్ కింద నుంచి చేతులూపుతున్నాడు. ఆమె కోచ్ వైపు చూడటం లేదు. మెడ ఒక్కటీ పక్కకి తిప్పి, జనంలో ముందు వరసని చూస్తోంది.

"భయపడిపోయింది పిల్ల," అన్నారు మాస్టారు.

భయం కాదు. ఆ చూపు అతనికి తెలుసు. చల్లారుతున్న పాలగ్లాసు పక్కన, ఒంటికాలి మీద, పెదవి బిగబట్టి చూసిన చూపు. ఆగు అన్నది నాన్న. కోచ్ చెప్పినా, ఈల వేసినా చెల్లదు.

కానియ్ అనాలి. అంటే, మూడంతస్తుల మీంచి నీ తల కిందకి పెట్టి పడు అని తన నోటితో తనే చెప్పాలి. తర్వాత ఏదైనా అయితే ఆ మాట తనదే. అనకపోతే ఆమె అక్కడే నిలబడిపోతుంది, నిమిషం అయిపోతుంది, మెట్లు దిగి వచ్చేస్తుంది. నాలుగు కుట్లూ, నాలుగేళ్ళూ అక్కడితో సరి. బతికి ఉంటుంది. ఆ ఆలోచన ఎంత తియ్యగా ఉందంటే, అతను నోరు మూసుకునే కూర్చున్నాడు. నలభై సెకన్లు. భార్య అతని మోచేతిని వదిలేసింది.

ఆమె మెడ ఇంకా అలాగే తిరిగి ఉంది. కాలివేళ్ళు వణుకుతున్నాయి. అంత దూరం నుంచి కూడా అతనికి కనిపించింది.

అతను లేచి నిలబడ్డాడు.

"కానియ్ తల్లీ!"

రెఫరీ తల విసురుగా తిప్పాడు. అతను ఏమనేలోపే ఆమె ముఖం ముందుకి తిరిగింది, మడమలు లేచాయి, చేతులు లేచాయి. మెకానిక్ కళ్ళు మూసుకోలేదు. ఆమె అంచుని వదిలింది. తల అంచుకి జానెడు దూరంలోంచి పోయింది. జానెడే, అతని కళ్ళు కొలతలో పొరబడవు. ఒళ్ళు రెండుసార్లు తిరిగి, నిటారయి, నీళ్ళలోకి దిగిపోయింది. పైకి చిందింది తక్కువ.

తర్వాత నీళ్ళే ఉన్నాయి. అతను నిలబడే లెక్కపెట్టాడు. ఒకటి. రెండు. మూడు. చొక్కాలోని డోలుకర్రలు పక్కటెముకల్లోకి గుచ్చుకుంటున్నాయి. నాలుగు.

తల పైకి వచ్చింది.

సంఘం బద్దలైంది. ఎవడో బెంచీ కింద నుంచి డోలు లాగి అరిచేతులతోనే బాదాడు. కార్యదర్శి ఏడుస్తూ ఈల వేశాడు, రెండూ సరిగ్గా రాలేదు. కోసిన మార్కులు పోగా అప్పటిదాకా దూకినవాళ్ళలో ఆమె చివర ఉంది. ఆ సంగతి బోర్డు మీద కనబడ్డా ముప్ఫయిమందిలో ఒక్కడూ పట్టించుకోలేదు.

ఆమె గట్టు ఎక్కి తువ్వాలు కప్పుకుని, ముందు వరస కటకటాల దగ్గరికి వచ్చింది. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. అతను చేతులు చాచి ఆమె తల పట్టుకున్నాడు. వెనక, పక్కల, నుదురు, అంతా తడిమి చూశాడు. ఎక్కడా దెబ్బ లేదు.

"క్షమించు తల్లీ. నోరు జారింది. ఇంకెప్పుడూ అనను. పద, బట్టలు మార్చుకో, ఇంటికి పోదాం" అన్నాడు.

"ఇంటికా?" అంది కూతురు. "ఇంకా నాలుగు దూకుళ్ళున్నాయి నాన్నా."

అతను మెల్లగా బెంచీ మీద కూర్చున్నాడు. చొక్కాలోంచి డోలుకర్రలు తీసి మాస్టారి చేతిలో పెట్టాడు. తర్వాత తన నోటి మీద తన చెయ్యి తనే గట్టిగా అదిమిపెట్టుకుని, ఆమె మళ్ళీ మెట్లెక్కుతుంటే, మొదటి మెట్టు నుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.