ఎర్ర మీట

నేను ఒక రిమోట్‌ని. ఆ సాయంత్రం చెరో చివర నన్ను పట్టుకుని భార్యాభర్తలు అప్పటికే అరగంటగా వాదించుకుంటున్నారు.

"పచ్చది నొక్కవే, వాన కబురు చూద్దాం," అన్నాడు పరశురామయ్య.

"కోడలు నొక్కి చూడమన్నది నన్ను. మీరు పోయి పేపరు చదువుకోండి," అంది తులశమ్మ.

హైదరాబాదులో ఒక వార్తా ఛానల్ కోసం నన్ను రూపొందించింది ఆ కోడలే, సులక్షణ. ఇంట్లో కూర్చున్నవాళ్లు కావలసిన వార్తను తామే ఎంచుకోవాలని ఆమె ఆలోచన. అత్తగారికి శుక్లాలు. అందుకని వేలికి తగిలేంత ఎత్తు మీటలు పెట్టించింది. పచ్చది వాతావరణానికి, పసుపుది సొంత ఊరి వార్తలకు. ఎర్రది నొక్కితే తెర మీది బొమ్మ దగ్గరకొస్తుంది. ఆఫీసులో అందరికీ ఆ ఎర్ర మీటే నచ్చింది. దాన్ని చూశాకే ఛానల్ పెద్దాయన ఆమెను విభాగానికి అధిపతిని చేస్తానన్నాడు. దగ్గరగా చూడటం మొదలెట్టిన మనిషి కుర్చీలోంచి లేవడని ఆయనకు తెలుసు.

తులశమ్మే గెలిచింది. తెర మీద ఒక బస్సు బోల్తాపడి ఉంది. "అయ్యో పాపం," అంటూనే ఎర్ర మీట నొక్కింది. పగిలిన అద్దాలు. "అయ్యో," మళ్లీ నొక్కింది. చెల్లాచెదురైన సంచులు. ఆ నోటికీ ఆ వేలికీ మాటల్లేవని నాకు తెలిసిపోయింది. మూడోసారికి తెర నిండా ఒక స్టీలు క్యారియరు. మూత మీద కొట్టించిన పేరు: ప. తులశమ్మ.

"ఇదేమిటండీ... నా పేరు!"

పొద్దున చెల్లెలు సూరమ్మ ఊరికి బయల్దేరుతుంటే, అందులోనే పులిహోర సర్ది ఇచ్చింది. నేను తులశమ్మ చేతిలోంచి జారి నేల మీద పడ్డాను. అప్పుడే ఆఫీసు నుంచి వచ్చి గుమ్మంలో చెప్పులు విడుస్తున్న సులక్షణ అలాగే నిలబడిపోయింది. తెర అడుగున ఆమె రాసిన మాటే మెరుస్తోంది: 'ఇంకా దగ్గరగా చూస్తారా?'

గంట తర్వాత ఆసుపత్రి నుంచి సూరమ్మే ఫోన్ చేసింది. కాలు విరిగింది, ప్రాణం దక్కింది. "అక్కా, నీ క్యారియరు పోయిందే," అని ఏడ్చింది.

రాత్రి అందరూ భోజనాలకు కూర్చున్నారు. సులక్షణ నన్ను నేల మీంచి తీసి, కొంగుతో తుడిచి, భర్త మురళి పళ్లెం పక్కన పెట్టింది. అత్తమామల వైపు చూసింది.

"రేపు ఆఫీసులో చెప్పేస్తున్నాను. ఎర్ర మీట ఉండదు. అది ఉండాల్సిందేనంటే, నేనుండను."