గవరయ్య తిప్పిన బ్యాండు పెట్టె

నేను ఒక్కదాన్నే ఓ బ్యాండు మేళాన్ని. గొట్టాలూ, డోలూ, తాళాలూ అన్నీ నా కడుపులోనే. చక్రం తిప్పితే తోలు తిత్తి గాలి పీలుస్తుంది. చిల్లుల అట్ట లోపలికి జరిగే కొద్దీ పాట బయటికి వస్తుంది. ముప్పై మంది కలిసి వాయించినంత గట్టిగా మోగేలా జర్మనీలో ఒక వడ్రంగి నన్ను చేశాడు. ఆ గట్టిదనమే నా గొప్ప అనుకునేదాన్ని.

ఓడెక్కి వచ్చి, చేతులు మారి, చివరికి దొరస్వామి నాయుడి సర్కస్‌లో చేరాను. నన్ను తిప్పేవాడు గవరయ్య. అతని భార్య నూకరత్నం పైన ఊయల మీది నుంచి ఊయల మీదికి దూకేది. ఆమె ఎప్పుడు చేతులు వదులుతుందో కనిపెట్టి అతను చక్రం జోరు పెంచేవాడు, తగ్గించేవాడు.

పార్వతీపురంలో ఒక సాయంత్రం ఆటలో ఊయల తాడు తెగింది. నూకరత్నం వల అంచుకు తగిలి నేల మీద పడింది. గవరయ్య చెయ్యి ఆగబోయింది. నాయుడు పరుగున వచ్చి అతని భుజం నొక్కి పట్టాడు.

“ఆపకు గవరయ్యా. పాట ఆగితే జనం బెదిరిపోతారు. పిల్లలున్నారు, తొక్కేసుకుంటారు. దాన్ని మేం సూసుకుంటాం. నువ్వు తిప్పు.”

అతను తిప్పాడు. అదీ ఆటేనన్నట్టు జోకర్లు ఆమెను మోసుకుపోయారు. జనం చప్పట్లు కొట్టారు. అట్ట అయిపోయాక అతను డేరా వెనక్కి పరుగెత్తాడు. అప్పటికే ఆమె పోయింది.

“నీ పేరెట్టి పిలిచినాదిరా, నాలుగుసార్లు,” అంది వంటమనిషి చిన్నమ్మి.

“నాకినపళ్నేదు,” అన్నాడు గవరయ్య.

ఎలా వినపడుతుంది? నేను మోగుతున్నాను కదా.

మర్నాడే అతను వెళ్లిపోయాడు. కొన్నేళ్లకు సర్కస్ మూతపడి, నేను ఒక మ్యూజియం చేరాను. చాలాకాలం తరువాత, రిటైరైన మాస్టారొకరు నన్ను చూసి కళ్లు తుడుచుకున్నారు.

“చిన్నప్పుడు పార్వతీపురంలో విన్నానండి. ఊయల మీంచి ఒకావిడ అమాంతం కిందికి దూకింది కూడా. అంత సంతోషం మళ్లీ ఎరగను. దీన్ని ఒక్కసారి మోగించండి,” అని అధికారిణి మృణాళిని గారిని బతిమాలారు.

ఆమె ఊరూరా వాకబు చేయించి, డెబ్బై దాటిన గవరయ్యను పిలిపించారు. అతను నా తలుపు తీసి, తిత్తి మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు కూర్చున్నాడు. ఏటేటా నూనె రాస్తూ వచ్చిన తోలు మెత్తగానే ఉంది. గొట్టాల్లో ఒక్కటీ చెడలేదు.

“తోలు సచ్చిపోనాదమ్మా. ఇంక పలకదు,” అని తలుపు మూసేశాడు.

మాస్టారు పాపం, చాలా నొచ్చుకున్నారు.