పాకం పట్టిన పుస్తకం

నేను ఒక పుస్తకాన్ని. పేరు ‘మనసుకు కాస్త ఊపిరి’. ఒత్తిడిని తట్టుకోవడం, కోరికను అదుపులో పెట్టుకోవడం, ఒంటినీ మనసునీ బాగా చూసుకోవడం నా కడుపులోని సంగతులు. నన్ను రాసిన డాక్టర్ విశాలాక్షి విశాఖపట్నంలో ఆరోగ్య మనస్తత్వవేత్త. అంటే, జబ్బు చేసినవాళ్ల ఒంటితోపాటు వాళ్ల దిగులునూ పట్టించుకునే మనిషి. ఆవిడ పుస్తకాలకు మంచి గిరాకీ. నిగ్రహం గురించిన అధ్యాయం రాస్తున్నంతసేపూ బిస్కెట్ల డబ్బా పక్కనే పెట్టుకుందట. అధ్యాయం, డబ్బా ఒకేసారి పూర్తయ్యాయని ముందుమాటలో తనే రాసి నవ్వుకుంది.

రాజమండ్రి పుస్తక ప్రదర్శనలో నన్ను మొదట కొన్నది శేషగిరి అనే బ్యాంకు మేనేజరు. కనబడిన ప్రతి వాక్యం కిందా గీత గీశాడు. కోపం తగ్గించుకునే అధ్యాయం చదువుతుండగా వంటింట్లో మిక్సీ మోగితే, ఇల్లెగిరిపోయేలా కేకలు వేశాడు. ఆ తర్వాత ఆ పేజీలోనే మరో గీత గీశాడు. ఒకరోజు మండపేటలో మిఠాయిలు కొంటూ నన్ను దుకాణం బల్ల మీద మరిచిపోయి వెళ్లిపోయాడు.

ఆ దుకాణం గవర్రాజుది. చుట్టుపక్కల ఊళ్లలో ఏ పెళ్లి జరిగినా విస్తట్లో ఆయన గొట్టం కాజా పడాల్సిందే. మరిచిపోయినవాళ్లెవరో తిరిగొస్తారని ఆయన నన్ను జాగ్రత్తగా తీసి పెట్టాడు. ఎవరూ రాలేదు. మధ్యాహ్నం బేరాలు లేని వేళ, ఊరికే తిరగేశాడు. ‘తీపి ముందు ఓడిపోయేవాళ్లకు’ అన్న చోట ఆయన వేలు ఆగింది.

గవర్రాజుకు షుగరు వచ్చింది. కాలి మీద పాకం చింది పుండైతే, అది ఎంతకీ మానక డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు తెలిసింది. ‘‘తీపి మానకపోతే కాలికే ముప్పు’’ అన్నాడు డాక్టరు. ఆ మాట ఇంట్లో చెప్పలేదు. మాత్రలు యాలకుల డబ్బాలో దాచాడు. తీపి తినకూడని మిఠాయి మాస్టరు దగ్గర కాజా ఎవరు కొంటారని ఆయన భయం. రోజూ పొద్దున్నే తిననని ఒట్టు పెట్టుకునేవాడు. మధ్యాహ్నానికి రుచి చూసే వంకతో గోడవైపు తిరిగి గబగబా తినేసేవాడు. ఆ సిగ్గుతో ఇంకొకటి తినేవాడు.

నాలో ఇలా ఉంది: ‘మీకు గుండెబలం లేక కాదు ఓడిపోతున్నది, ఒంటరిగా పోరాడుతున్నారు గనక. దాచడానికే సగం శక్తి ఖర్చయిపోతుంది. నమ్మకమైన ఒక్క మనిషికి చెప్పండి.’

ఆ నాలుగు ముక్కలూ ఆయన పెదాలు కదుపుతూ మళ్లీ మళ్లీ చదివాడు. నా అంచులకు నెయ్యి అంటింది. తర్వాత లోపలికి వెళ్లి, పిండి జల్లిస్తున్న భార్య సత్యవేణి ఎదుట కూలబడి, అంతా చెప్పేశాడు.

ఆవిడ జల్లెడ కింద పెట్టింది. ‘‘నాకు సెప్పలేదేంటండీ? నేను పరాయిదాన్నా?’’ అంటూ కళ్లు ఒత్తుకుంది. కాసేపటికి లేచి, కొంగు బిగించి, ‘‘సరే. రేపట్నించి రుచి నేను సూత్తాను’’ అంది.

‘‘పాకం సంగతి నీకేం తెలుసే?’’ అన్నాడు గవర్రాజు.

మర్నాడు మొదటి వాయి దిగింది. సత్యవేణి ఒక కాజా కొరికి, నెమ్మదిగా నమిలింది. గవర్రాజు పరీక్ష రాసిన కుర్రాడిలా నిలబడ్డాడు.

‘‘తీపెక్కువైందండీ.’’

‘‘ఏంటీ?’’

‘‘ఇయ్యాలే కాదు. మన పెళ్లయిన కాడ్నించీ ఎక్కువే.’’

‘‘మరి ఇన్నేళ్లూ సెప్పలేదే?’’

‘‘మీరెప్పుడు అడిగారు?’’

గవర్రాజు గరిటె పక్కన పెట్టాడు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు. ఇద్దరూ ఒకరి రహస్యం ఒకరికి అప్పజెప్పినట్టయింది.

పాకం కాస్త పలచబడింది. పాత గిరాకీలు కొందరు సణిగారు, కొందరు అదనంగా కట్టించుకున్నారు. మందులూ పథ్యమూ కుదిరి, వానలు తగ్గే వేళకు కాలి పుండు మానింది. నేను త్రాసు పక్కన స్థిరపడ్డాను. ఓసారి శేషగిరి వచ్చి నన్ను చూసి, ‘‘మంచి పుస్తకమండీ, ప్రతి ముక్కా బుర్రకెక్కించుకున్నాను’’ అన్నాడు. తనదేనని పోల్చుకోలేదు. చిల్లర ఆలస్యమైందని విసుక్కుంటూ వెళ్లాడు.

గవర్రాజుకు కోరిక చావలేదు. చస్తుందని నాలో ఎక్కడా రాసి లేదు కూడా. మాఘమాసంలో మూడు పెళ్లిళ్ల సరుకు ఒకేసారి ఇవ్వాల్సిన రోజున, పెద్ద వాయి ఒకటి మాడిపోయింది. దుకాణం నిండా జనం. అందరూ తొందరపెడుతున్నారు. గవర్రాజు ముఖం ఎర్రబడింది. చెయ్యి దానంతటదే అంతకు ముందు వాయి పళ్లెం వైపు వెళ్లి ఒక కాజా అందుకుంది. ఆయన గోడవైపు సగం తిరిగి, ఆగాడు.

‘‘సత్యవేణీ! నా సెయ్యి మాట ఇనడం లేదే, ఓసారి ఇటు రా!’’ అని అందరి ముందూ గట్టిగా పిలిచాడు.

జనం గొల్లుమన్నారు. ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఆయన వేళ్ల మధ్య నుంచి కాజా తీసుకుని, అక్కడే నిలబడి మొత్తం తినేసింది.

‘‘ఇది మాత్రం బాగా కుదిరిందండీ’’ అంది.

ఆయన ముఖం చూడాలి మీరు.