గన్ షోలో రెండు బోల్టులు

మా మామగారి మీద నాకు ఒకే ఒక్క ఫిర్యాదు ఉంది. ఇండియా నుంచి వచ్చిన మూడో రోజునే నా వంటింట్లోని డబ్బాలన్నీ బల్ల మీదికి దింపి, ప్రతి డబ్బాకూ దాని మూతకూ ఒకే నంబరు రాసిన స్టిక్కర్లు అంటించారు. మొత్తం నలభై ఒకటి. కందిపప్పు పదిహేడు, మినప్పప్పు పద్దెనిమిది. పదిహేడో డబ్బా మీద పద్దెనిమిదో మూత కనబడితే ఆ పూట ఆయనకు కాఫీ సహించదు. మూత సరిగ్గా పడుతోంది కదా అంటే, "పడటం వేరు, దానిది కావడం వేరమ్మా" అంటారు. ఎమ్మే చదివినదాన్ని, ఇప్పుడు నంబరు చూసుకుని మూత పెడుతున్నాను.

మామగారి పేరు వీరభద్రం. పోలీసు బెటాలియన్‌లో ఆర్మరర్‌గా ముప్ఫై ఏళ్లు పనిచేశారు. అంటే తుపాకులు పేల్చే ఉద్యోగం కాదు, వాటి బాగోగులు చూసే ఉద్యోగం. ఆయన చేతుల మీదుగా పోయినవన్నీ త్రీ నాట్ త్రీ రైఫిళ్లే. ఆ రైఫిల్‌కి బోల్టు అని ఒక ఇనప భాగం ఉంటుంది. తూటాను లోపలికి నెట్టి వెనక నుంచి మూసే గడియ లాంటిది. రైఫిల్ మీద ఏ నంబరు కొడతారో దాని బోల్టు మీదా అదే నంబరు కొడతారు. ఒకదాని బోల్టు ఇంకోదానికి పడుతుంది గానీ పెట్టకూడదు. నా వంటింటి కష్టాలన్నీ అక్కడ పుట్టినవే.

పాపయ్యగారి సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. 1987లో ఏటా జరిగే తనిఖీలో రెండు రైఫిళ్ల బోల్టులు తారుమారై దొరికాయి. వాటిని చివరగా బిగించింది పాపయ్య. మామగారి కింద పనిచేసే కానిస్టేబులు, పక్క క్వార్టర్‌లో ఉండే స్నేహితుడు. "నువ్వు ఎక్కడ పెట్టావో అక్కణ్ణించే తీసి బిగించానన్నా" అని ఆయన ఎంత మొత్తుకున్నా మామగారు వినలేదు. అజాగ్రత్త పాపయ్యదేనని రిపోర్టు రాశారు. పాపయ్యకు రెండేళ్లు ఇంక్రిమెంట్లు ఆగిపోయాయి, ప్రమోషన్ ఆరేళ్లు వెనక్కి పోయింది. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఇరవై ఆరేళ్లు.

ఇప్పుడు 2013 ఏప్రిల్. పాపయ్యగారి అమ్మాయి రేణు కాపురం ఉండేది అమెరికాలో మేముండే షామ్‌బర్గ్‌లోనే, మా ఇంటికి పది నిమిషాల దూరంలో. మేమిద్దరం స్నేహితులమయ్యాక గానీ మా పెద్దవాళ్లు శత్రువులని మాకు తెలియలేదు. పాపయ్యగారు శీతాకాలంలో కూతురింటికి వచ్చారు, మా మామగారు మా ఇంటికి వచ్చారు. చలికి బయట నడవలేక ఇద్దరూ ఒకే మాల్‌కి వెళ్లి నడుస్తారు. ఒకే దిక్కుగా, ఒకే వేగంతో, సగం మాల్ దూరం పెట్టుకుని. అలా అయితే ఎప్పటికీ ఎదురుపడరు.

పాపయ్యగారు మంగళవారం ఇండియాకి వెళ్లిపోతున్నారు. రేణు ఫోన్ చేసింది. నాన్న ఇంకేమీ అడగడం లేదని, 'పాపయ్య మార్చలేదు' అన్న ఒక్క మాట మా మామగారి నోటి నుంచి వింటే చాలంటున్నాడని, డెబ్బై దాటాక మళ్లీ అమెరికా వస్తాడన్న నమ్మకం లేదని చెప్పింది. నేను ప్రయత్నిస్తానన్నాను. ప్రయత్నించడానికి మామగారు పారిపోలేని చోటు కావాలి.

ఆ చోటు పేపర్లో దొరికింది. విస్కాన్సిన్‌లో, మాకు గంటంపావు దూరంలో, శని ఆదివారాలు గన్ షో. తుపాకులను చీరల ఎగ్జిబిషన్‌లాగా బల్లల మీద పరిచి టికెట్టు పెట్టి చూపిస్తారంటే మామగారు మొదట నమ్మలేదు. తర్వాత చొక్కా ఇస్త్రీ చేసుకున్నారు. నిజం చెప్పాలంటే నాకూ చూడాలనే ఉంది. పదకొండేళ్లుగా ఈ దేశంలో ఉంటూ వార్తల్లో ఇన్నిసార్లు విన్న వస్తువుని దగ్గర్నుంచి ఒక్కసారి కూడా చూడలేదు.

అడ్డుపడింది మా ఆయన దామోదర్. ఆయన గ్రీన్ కార్డు ఫైలు ఏడేళ్లుగా ఎక్కడో నిద్రపోతోంది. దాన్ని ఎవరూ గట్టిగా పలకరించకూడదని ఆయన భయం.

"నాన్నా, నువ్వు విజిటర్ వీసా మీద వచ్చావ్. తుపాకీ ముట్టుకోవద్దు. చూసి వచ్చెయ్, అంతే."

"బోల్టు ముట్టుకోవచ్చా?" అన్నారు మామగారు.

మా ఆయన నెట్‌లో అరగంట వెతికి, విడి ఇనప ముక్క మాత్రమే అయితే ఫరవాలేదని తీర్పు చెప్పారు. ముట్టుకోలేదన్న రుజువుకి అరగంటకో ఫొటో పంపమని నన్ను ఆదేశించి, పిల్లవాణ్ణి సాకర్‌కి తీసుకెళ్లారు.

ఆదివారం వెళ్లాం. టికెట్టు మనిషికి పన్నెండు డాలర్లు. మా ముందున్న పెద్దమనిషి అయిదు డాలర్లున్న రోజుల నుంచీ వస్తున్నాడట, వరుసలో ఉన్నంతసేపూ ఆ సంగతే చెప్పాడు. లోపలికెళితే ఆయన బాధ అర్థమైంది. మొదటి వరుసలో ఎండబెట్టిన మాంసం ముక్కల ప్యాకెట్లు, రెండో వరుసలో బెల్లం పాకం పట్టిన బాదంపప్పులు, సువాసన కొవ్వొత్తులు, ఇంటికి కిటికీలు మారుస్తామనే కంపెనీ కూపన్లు. తుపాకులెక్కడమ్మా అని ఒకావిడని అడిగితే, కొవ్వొత్తుల వెనక అంది. వెళ్తే నిజంగానే ఉన్నాయి. తూటాలమ్మే బల్లల దగ్గర మాత్రం క్యూ. కిందటి శీతాకాలం నుంచీ దొరకడం లేదట. రెండేళ్ల కిందట ఇరవై ఉన్న పెట్టె అరవై అయింది, అదీ మనిషికి ఒక్కటే. మిగతా చోట్ల జనం తుపాకీ ఎత్తుతారు, జేబులోంచి ఫోన్ తీసి నెట్‌లో ధర చూస్తారు, తల అడ్డంగా ఊపి దించేస్తారు. నలభై చీరలు విప్పించి, మళ్లీ వస్తామండీ అని లేచిపోయే మా పెళ్లిళ్ల షాపింగ్ గుర్తొచ్చింది. అమ్మేవాళ్ల ముఖాలూ అచ్చం అలాగే ఉన్నాయి.

హాలు చివర బల్ల గ్లెన్ అనే ముసలాయనది. భుజాల మీదుగా పట్టీలున్న ప్యాంటు, పక్కన ఫ్లాస్కు. బల్ల మీద రెండు త్రీ నాట్ త్రీలు. మామగారు ఆగిపోయారు. వంగి, చేతులు వెనక్కి కట్టుకుని, ముక్కు ఇనుముకి తగిలేంత దగ్గరగా చూసి, "ఇషాపూర్" అన్నారు. బెంగాల్‌లో తయారైనవి, రెండూ. గ్లెన్ ముఖం వెలిగింది. పొద్దున్నించీ ఆ పేరు పలికినవాడు ఈయనొక్కడేనట.

నాకు ఆసక్తి పుట్టి ధర అడిగాను. ఒక్కొక్కటి నాలుగు వందల యాభై. పాతికేళ్ల కిందట ఇవే రైఫిళ్లు పీపాల్లో చీపురుకట్టల్లాగా నిలబెట్టి డెబ్బై తొమ్మిదికి అమ్మేవాళ్లమని గ్లెన్ చెప్పాడు. అప్పుడు తను మూడు బల్లలు తీసుకునేవాడు, ఇప్పుడు ఒకటి. బల్ల అద్దె రెండింతలైంది. వచ్చేవాళ్లు తగ్గారని నిర్వాహకులు టికెట్టు పెంచుతారు, టికెట్టు పెరిగిందని వచ్చేవాళ్లు ఇంకా తగ్గుతారు. మరి నువ్వెందుకు వస్తున్నావంటే, ఆదివారం ఇంట్లో ఉంటే గరాజ్ సర్దమంటుందట వాళ్లావిడ.

మామగారు బోల్టులు చూపించమన్నారు. గ్లెన్ ఎవరూ పేల్చకుండా కట్టిన ప్లాస్టిక్ తాళ్లు కత్తిరించి, రెండూ తీసి, ఏ రైఫిల్ ముందు దాని బోల్టు పెట్టాడు. ఆ తర్వాత పావుగంట మా మామగారు మా మామగారు కాదు. ఎడంపక్క నిలబడి నేనేదో అడుగుతుంటే, జేబురుమాలుతో ఒకదాన్ని ఎత్తి తుడుస్తూ, నాకు తెలుగులో, గ్లెన్‌కి తనకొచ్చిన ఇంగ్లీషులో పాఠం చెప్పారు. అది కింద పెట్టి రెండోది ఎత్తారు. దాని నంబరు నాకు చదివి వినిపించారు. నేను మా ఆయనకి ఫొటోలు తీశాను. గ్లెన్ వింటూ వింటూ బోల్టులు తీసుకుని రైఫిళ్లకి బిగించేశాడు. ఇద్దరూ చేతులు కలుపుకున్నారు.

తినే చోట నాచోస్ అనే మొక్కజొన్న అప్పడాల ప్లేటు ముందు కూర్చోబెట్టి పాపయ్యగారి మాట ఎత్తాను. మామగారు నాచోస్‌ని విరిచి, లోపల ఏమీ లేదని నిర్ధారించుకుని, తిన్నారు.

"ఆ రోజు బోల్టులు బిగించింది వాడొక్కడే అమ్మాయ్. వాడు గాక ఇంకెవడు మారుస్తాడు? ఇప్పుడు పోయి నువ్వు మార్చలేదురా అంటే, నేను రాసిన రిపోర్టు అబద్ధమా?"

మంగళవారం వెళ్లిపోతున్నారన్నాను. తెలుసన్నారు. ఎలా తెలుసో చెప్పలేదు.

బయటికి వెళ్లే దారిలో గ్లెన్‌కి వెళ్లొస్తామని చెబుదామని ఆ వరుసలోకి తిరిగాం. గ్లెన్ ముఖం మారిపోయి ఉంది. మేము తినడానికి వెళ్లాక ఒకతను వచ్చాడట, రెండూ కొంటానన్నాడట. షో మొత్తంలో అడిగింది అతనొక్కడే. తీరా టార్చి వేసి నంబర్లు చూస్తే దీని బోల్టు దానికి, దాని బోల్టు దీనికి. నంబర్లు కలిస్తేనే ఆ ధర. కలవకపోతే పాత ఇనుము. ఒకదానితో ఒకటి మార్చేస్తే సరిపోతుందని గ్లెన్ అక్కడికక్కడే మార్చి చూపించినా అతను నమ్మలేదు. ఇంకేం మార్చావో అని నవ్వి, ఇంటికెళ్లి నెట్‌లో కొనుక్కుంటానని పోయాడట.

మామగారు నిటారుగా నిలబడ్డారు. "ఐ నాట్ ఫిట్. యూ ఫిట్," అన్నారు గ్లెన్‌తో, బిగించింది తను కాదని.

గ్లెన్ అరవలేదు. బల్ల మీద వేలుపెట్టి చూపిస్తూ ఏదో అన్నాడు. అతని యాస మామగారికి అందక నా వంక చూశారు. నేను అనువాదం చేశాను.

"నువ్వు ఎక్కడ పెట్టావో అక్కణ్ణించే తీసి బిగించానన్నా, అంటున్నాడండీ."

నేను కల్పించింది ఏమీ లేదు. చివరి 'అన్నా' ఒక్కటే నాది.

మామగారు రెండు రైఫిళ్ల వంకా మార్చి మార్చి చూశారు. పక్క బల్ల దగ్గర ఎవరో కొన్న బాదంపప్పులు నములుతున్నారు. తర్వాత, బోల్టులు మళ్లీ తియ్యమని గ్లెన్‌కి సైగ చేశారు. జేబురుమాలు తీసి, ఇందాక ఎలా చేశారో అలాగే, నెమ్మదిగా చేశారు. ఎడమ రైఫిల్ బోల్టు ఎత్తారు, తుడిచారు, కుడివైపు పెట్టారు. రెండోది ఎత్తారు, తుడిచారు. దాన్ని ఖాళీగా ఉన్న ఎడమవైపు పెట్టబోతూ చెయ్యి గాల్లో ఆగిపోయింది.

నా ఫోన్లో ఫొటోలున్నాయి. తీసి చూపించాల్సిన పని రాలేదు.

"మొదట తుడిచింది ఎప్పుడూ కుడిపక్కే పెడతాను," అన్నారు చివరికి, నాతోనో తనతోనో. "ఎప్పుడూ కుడి నుంచే మొదలెడతాను కాబట్టి తేడా రాదు. ఇవాళ నువ్వు ఎడంపక్క నిలబడి అడుగుతుంటే ఎడమదే ముందు ఎత్తాను."

ఆ రోజు, 87లో, ఎడమపక్క ఎవరు నిలబడ్డారని అడిగాను. కమాండెంటుగారు, అన్నారు. తనిఖీ ముందు చూడ్డానికి వచ్చి, ఏదో అడిగారట. ఏమడిగారో ఇరవై ఆరేళ్లుగా గుర్తుందట మామగారికి. ఏ పక్క నిలబడి అడిగారో ఎప్పుడూ తలచుకోలేదట.

గ్లెన్‌కి సారీ చెప్పారు. అది ఇంగ్లీషు సారీ, మామగారికి కష్టం కాదు. బస్సులో ఎవరైనా ఆయన కాలు తొక్కినా ఆయనే చెబుతారు. గ్లెన్ ఫరవాలేదన్నట్టు భుజం తట్టి, వచ్చే నెల షోకి రమ్మన్నాడు. టికెట్టు అప్పటికి పద్నాలుగు అవుతుందని కూడా చెప్పాడు.

కారెక్కాక ఇంటికేనా అని అడిగాను. మామగారు సీటు బెల్టు పెట్టుకుని, "రేణు వాళ్లింటికి దారి తెలుసుగా నీకు," అన్నారు. గంటంపావు దారి. ఒకటి రెండుసార్లు ఆయన పెదాలు కదిలాయి. రిపోర్టు రాయడం చేతనైన మనిషి, వాక్యం ఎలా మొదలుపెట్టాలో చూసుకుంటున్నారనుకున్నాను. మా ఆయన నుంచి మెసేజీ వచ్చింది, ఫొటోలు ఆగిపోయాయేమిటి, నాన్న ఏమైనా పట్టుకున్నాడా అని. నేను జవాబివ్వలేదు. కొంచెం భయపడితే మంచిదే.

రేణు తలుపు తీసి, మామగారిని చూసి, పక్కకి జరిగింది. పాపయ్యగారు హాల్లో నేల మీద కూర్చుని సూట్‌కేసు బరువు చూస్తున్నారు. స్వెట్టర్ మీద స్వెట్టర్ వేసుకుని ఉన్నారు. తలెత్తి చూశారు గానీ లేవలేదు. మామగారు చెప్పులు విప్పి లోపలికి నాలుగడుగులు వేసి నిలబడ్డారు. దారంతా కట్టుకున్న వాక్యం ఏదో ఉండే ఉంటుంది, అది ఆయనకి అందినట్టు లేదు.

"పాపయ్యా," అన్నారు. "ఆ బోల్టులు మార్చింది నేనేరా. నువ్వు కాదు. నేను రాసిందే తప్పు."